మైనం లేని అచ్చు

"కాగితం ఎక్కడ పెట్టారు మామయ్యా?"

కోడలు ఈ మాట అడగడం అది మూడోసారి. మొదటిసారి మామూలుగా అడిగింది. రెండోసారి సోఫా కింద వెతుకుతూ అడిగింది. మూడోసారి కుర్చీ లాక్కుని, ఎదురుగా కూర్చుని అడిగింది.

పెద్దాయన టీ గ్లాసు కేసి చూస్తూ కూర్చున్నాడు.

"దంతాల ఆసుపత్రిలో పదకొండింటికి టైమిచ్చారు. ఒప్పుకున్నట్టు సంతకం పెట్టిన ఆ కాగితం లేకుండా పన్ను ముట్టుకోరు. నిన్న సాయంత్రం ఈ బల్లమీదే పెట్టాను. ఇంట్లో ఉన్నది నలుగురం. దానికి కాళ్ళొచ్చి నడిచిపోయిందా?"

"మంచిపని చేసింది, పోయుంటే."

"అంటే మీరే తీశారు."

ఆయన టీ గ్లాసు చేతిలోకి తీసుకున్నాడు. స్నానాల గది తలుపు లోపల గడియపెట్టి ఉంది. ఏడింటికి లోపలికి వెళ్ళిన మనవరాలు ఎనిమిదిన్నరయినా రాలేదు. నీళ్ళ చప్పుడు లేదు. ఏడుపు చప్పుడూ లేదు. ఒక్కసారి మాత్రం మాట వినిపించింది, "కాగితం ఇచ్చేదాకా నేను రాను" అని.

కొడుకు బూట్లు వేసుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాడు. వాడు లిఫ్టులు బాగుచేస్తాడు. ఇంట్లో గొడవ మొదలైతే మాత్రం తనే రెండంతస్తుల మధ్య ఆగిపోయిన లిఫ్టు అయిపోతాడు. పైకీ రాడు, కిందికీ పోడు.

"నువ్వన్నా అడుగు మీ నాన్నని," అంది కోడలు.

వాడు తండ్రి చేతికేసి చూశాడు. పొగలు కక్కుతున్న స్టీలు గ్లాసుని అంచు దగ్గర కాదు, నడుం దగ్గరే పట్టుకుని ఉన్నాడు ముసలాయన.

"చెయ్యి కాలట్లేదా నాన్నా?"

పెద్దాయన గ్లాసు దించి, కుడిచెయ్యి ఒళ్ళోకి లాక్కున్నాడు.

"చూడు, అడగమంటే ఏమడిగాడో," అంది కోడలు. "నోట్లో నాలుక లేని మనిషిని కట్టుకుని నేనెవరితో మాట్లాడను?"

పెద్దాయన కోపం అప్పుడు కట్టలు తెంచుకుంది.

"నాలుగు పళ్ళమ్మా. పుచ్చినవి కావు, కదిలేవి కావు. రాళ్ళలాంటి పళ్ళు. పదమూడేళ్ళ పిల్ల నోట్లోంచి అవి పీకి, ఆ ఖాళీలోకి మిగతావి తీగలతో లాగుతారట. నలభై ఏళ్ళుగా అక్కడ అచ్చులు పోస్తూ చూస్తున్నాను. అప్పట్లో పదిమందిలో ఒకరికి తీసేవాడు ఆ డాక్టరు. ఇప్పుడు ఆసుపత్రి గోడమీద ఆ లెక్క అంటించినప్పట్నించీ ముగ్గురిలో ఒకరికి తీస్తున్నాడు. వందకి అరవై ఎనిమిది మందికి వంకర పళ్ళట. వందకి అరవై ఎనిమిది మందికి ఉన్నదాన్ని జబ్బంటారా? ముక్కు ఉండటం కూడా జబ్బేనా అయితే?"

"ముక్కుని చూసి ఎవరూ నవ్వరు."

"నవ్వితే నవ్వారు. నవ్వేవాళ్ళ పళ్ళు లెక్కపెడితే సరి."

"దాన్ని స్కూల్లో ఏమని పిలుస్తున్నారో తెలుసుగా మీకు?"

తెలుసు. ఇంటిల్లిపాదికీ తెలుసు. పోయినవారం పెద్ద డాక్టరు స్కూలుకి వెళ్ళి ఉపన్యాసం ఇచ్చాడు. ప్లాస్టరుతో పోసిన దంతాల అచ్చులు నాలుగు పళ్ళెంలో పట్టుకెళ్ళాడు. అందులో ఒకటి ఎత్తి చూపించి, "ఇది చూడండి పిల్లలూ, పైపళ్ళు కింది పళ్ళకంటే తొమ్మిది మిల్లీమీటర్లు ముందుకొచ్చాయి" అన్నాడు. పేరు చెప్పలేదు. చెప్పక్కర్లేకపోయింది. ఆ అచ్చులో ముందు పన్ను ఒకటి మూల విరిగి ఉంది. ఎనిమిదేళ్ళప్పుడు మెట్లమీంచి పడ్డ గుర్తు. రోజూ పక్కన కూర్చునే పిల్లలకి ఆ పన్ను తెలియదా?

అదే రోజు మధ్యాహ్నానికి పిల్లకి కొత్తపేరు వచ్చింది. తొమ్మిది. "తొమ్మిదీ, పెన్సిలియ్యవే." "తొమ్మిదీ, పక్కకి జరుగు." అప్పట్నించీ అది మూతికి చేతిరుమాలు కట్టుకుని తిరుగుతోంది. నలుగురిలో తినదు. గదిలోకి కంచం పట్టుకుపోయి, గోడవైపు తిరిగి తింటుంది.

"అందుకు తన్నాల్సింది డాక్టర్ని," అన్నాడు పెద్దాయన. "అడక్కుండా పిల్ల పళ్ళు పళ్ళెంలో పెట్టుకుని ఊరేగినవాణ్ణి. వాడి చేతికే పిల్లని అప్పజెబుతావా?"

"ఆయన పేరు చెప్పలేదు మామయ్యా. ఆయనకంటే ఘనులున్నారు. మనిషిని ఎదురుగా నిలబెట్టి కొలిచినవాళ్ళు."

పెద్దాయన తలెత్తాడు.

"పళ్ళ సంగతి మీరు నాకు చెప్పొద్దు," అంది కోడలు. గొంతు పెరగలేదు, తగ్గింది. "నేనీ ఇంట్లో అడుగుపెట్టిన రోజున మీ చెల్లెలుగారు ఏదో అన్నారు, నేను నవ్వాను. మీరు కళ్ళద్దాలు సర్దుకుని నా నోట్లోకి చూసి 'ఆరు మిల్లీమీటర్లు' అన్నారు. పదిమంది ముందు. అందరూ నవ్వారు. నేను ఆపేశాను."

"ఏదో సరదాకి..."

"పదహారేళ్ళయింది. పళ్ళు కనపడేట్టు నేను దిగిన ఫోటో ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, ఈ ఇంట్లో ఉంటే చూపించండి. ఫోన్లో మాట్లాడే ఉద్యోగం ఎందుకు చేస్తున్నాననుకున్నారు? అక్కడ నా నోరు ఎవరికీ కనపడదు."

కొడుకు బూటు లేసు విప్పి మళ్ళీ కట్టుకున్నాడు.

ఆ రోజు పెద్దాయనకి బాగానే గుర్తుంది. అతిథులు వెళ్ళాక భార్య ఆయన్ని పక్కకి పిలిచి, "నీకు పళ్ళు తప్ప మనుషులు కనపడరా?" అంది. రేపు అమ్మాయితో ఒక మంచిమాట అను, అంది. ఆయన సరేనన్నాడు. ఆ రేపు రాలేదు. గుర్తుచేసే మనిషీ రెండేళ్ళ కిందట వెళ్ళిపోయింది.

స్నానాల గదిలోంచి మాట వచ్చింది.

"తాతయ్యా. అమ్మది ఆరేనా? మరి నాది తొమ్మిది."

పెద్దాయన లేచాడు. చొక్కా జేబులోంచి కళ్ళద్దాల పెట్టె తీశాడు. అందులో నాలుగు మడతలు పెట్టిన కాగితం ఉంది. వంగి, తలుపు కింద సందులోంచి లోపలికి తోశాడు.

కాసేపటికి గడియ తీసిన చప్పుడయింది. పిల్ల బయటికొచ్చింది. మూతికి రుమాలు. కళ్ళు మాత్రమే కనపడుతున్నాయి. ఆ కళ్ళు తాతని దాటుకుని పోయాయి.

"నేను ముందు వెళ్తున్నా," అన్నాడు పెద్దాయన చెప్పులు వేసుకుంటూ. "ఆ డాక్టరుతో నాలుగు మాటలు మాట్లాడాలి."

"మాట్లాడండి," అంది కోడలు. "ఈసారి ఏం దాస్తారో."

*

దంతాల ఆసుపత్రి రెండు వీధుల అవతల ఉంది. పెద్దాయన నలభై ఏళ్ళుగా నడిచిన దారే. ఆసుపత్రి గుమ్మం పక్కనే నిలువెత్తు బొమ్మ అంటించి ఉంది. నవ్వుతున్న పిల్లవాడు, పళ్ళు ముత్యాలు. కింద పెద్ద అక్షరాలు. 'పిల్లల్లో వందకి అరవై ఎనిమిది మందికి పలువరుస సరిగా లేదు. మీ బిడ్డ ఏ లెక్కలో ఉంది?'

బెదిరింపు ఉత్తరంలా ఉంది, అనుకున్నాడు. దొంగ కూడా ఇంత మర్యాదగా అడగడు.

ఆయన గది వెనక వైపు. ఒక కిటికీ, ఒక నీళ్ళ తొట్టి, ప్లాస్టరు పిండి డబ్బా, కలపడానికి రబ్బరు గిన్నె, నీళ్ళు చిమ్ముతూ తిరిగే సాన. మూడు గోడలకీ అరలు. అరల నిండా అట్టపెట్టెలు. ఒక్కో పెట్టెలో ఒక్కో పిల్ల నోరు. అందరూ ఆయన్ని అచ్చుల మాస్టారు అంటారు. ముఖం చూసి గుర్తుపట్టలేకపోయినా అచ్చు చూసి ఎవరిదో చెప్పేస్తాడని పేరు.

ఇంకా చదువుకుంటూ పని నేర్చుకుంటున్న చిన్న డాక్టరమ్మ అప్పటికే బల్ల దగ్గర కూర్చుని పుస్తకంలో ఏదో రాసుకుంటోంది. ఆ లెక్క కట్టింది ఆ అమ్మాయే. రెండేళ్ళలో వచ్చిన మూడువందల పన్నెండుమంది పిల్లల అచ్చులు తీసి, కొలిచి, వందకి ఇంతమంది అని తేల్చింది.

"ఏమ్మా, ఇంకా ఎంతమందిని వంకరవాళ్ళని చేద్దామని?" అన్నాడు లోపలికి వస్తూనే.

ఆమె తలెత్తింది. "పొద్దున్నే మొదలుపెట్టారా మాస్టారూ."

"నాకో అనుమానం తీర్చు. గొడుగులు బాగుచేసేవాడి కొట్టు ముందు నిలబడి లెక్కపెట్టి, ఊళ్ళో వందకి తొంభై గొడుగులు విరిగినవే అంటే, వాణ్ణేమంటాం?"

"వెర్రివాడంటాం."

"మరి దంతాల ఆసుపత్రికి వచ్చిన పిల్లల్ని లెక్కపెట్టి..."

"నేను అలా రాయలేదు." ఆమె పుస్తకం తిప్పి ఆయన ముందు పెట్టింది. "చదవండి. 'మా ఆసుపత్రికి వచ్చిన పిల్లల్లో' అని రాశాను. వీళ్ళల్లో సగంమంది పళ్ళు బాలేవనే వచ్చినవాళ్ళు అని కూడా రాశాను. అరవై ఎనిమిదిలో చాలావరకు చిన్న వంకరలు, వైద్యం అక్కర్లేనివి అని కూడా రాశాను. పెద్ద డాక్టరుగారు గోడకెక్కించేటప్పుడు మూడు ముక్కలూ కోసేశారు. చోటు చాల్లేదన్నారు."

పెద్దాయన చదివాడు. నిజమే, ఉన్నాయి.

"కోస్తే నువ్వు ఊరుకున్నావా?"

"అడిగాను. చదువుకునే పిల్లవి, చదువుకో అన్నారు." ఆమె పుస్తకం మూసింది. "మీరు నలభై ఏళ్ళ మనిషి. మీరు అడిగారా?"

ఉన్న కోపాన్ని ఎక్కడ దించుకోవాలో తెలియక అర దగ్గరికి వెళ్ళి మనవరాలి పెట్టె తీశాడు. స్కూలు ఊరేగింపు అయ్యాక డాక్టరు దాన్ని తిరిగి అక్కడే పెట్టించాడు.

"ఇదిగో. తొమ్మిది మిల్లీమీటర్లు. ఏడు దాటితే పళ్ళు తీయాలి, అయిదు లోపైతే క్లిప్పులు చాలని మీ శాస్త్రం. శాస్త్రం సంగతి నాకొద్దు. నువ్వు చెప్పు, ఈ పళ్ళు పీకాల్సిన పళ్ళేనా?"

"తొమ్మిదైతే తీయాల్సిందే మాస్టారూ. అచ్చు మీరు చేసిందే కదా."

ఆయన మూత తీశాడు. పై ముక్క, కింది ముక్క. ఇంకేమీ లేదు.

"మైనమేది?"

"ఏ మైనం?"

"కాటు మైనం."

పై పళ్ళ అచ్చూ కింది పళ్ళ అచ్చూ విడివిడిగా పోస్తారు. ఆ రెండూ ఒకదానిమీద ఒకటి ఎక్కడ కూర్చోవాలో ప్లాస్టరుకి తెలియదు. దానికి సాక్షి మైనం. మెత్తబరిచిన మైనపు రేకు పిల్ల నోట్లో పెట్టి కొరకమంటారు. ఆ గుర్తుల్లో రెండు ముక్కల్నీ కూర్చోబెట్టి, వెనక అంచులు సానమీద ఒకే గీతకి అరగదీస్తారు. ఇక ఆ తర్వాత ఎవరు బల్లమీద పెట్టి చూసినా రెండూ అదే కాటుకి కలుస్తాయి. తర్వాత కొలిచేవాళ్ళంతా ఆ గీతనే నమ్ముతారు.

"ఆ రోజు తీసుకోలేదు కదా," అంది చిన్న డాక్టరమ్మ. "పాపకి వాంతి అయింది. మీరే చాల్లెమ్మన్నారు."

అన్నాడు. మనవరాలు కళ్ళనీళ్ళు పెట్టుకుని ఆయన చొక్కా పట్టుకుంది. "పిల్లని ఇంకా ఏడిపించొద్దు, మైనం లేకపోతే నేను కూర్చోబెట్టుకోలేనా" అన్నాడు. ఇంటికెళ్ళాక దానికి ఐస్‌క్రీం కొనిపెట్టాడు.

ఆ మాట అనడానికి ఆయనకి ధైర్యం ఎక్కణ్ణించి వచ్చిందో కూడా తెలుసు. రెండేళ్ళ కిందట ఆసుపత్రిలో రద్దీ పెరిగినప్పుడు పెద్ద డాక్టరు ఆయన భుజం తట్టి, "గోల చేసే పిల్లలకి మైనం ఎందుకు మాస్టారూ? మీ బొటనవేలే మైనం" అన్నాడు. ఆ పొగడ్త నెలరోజులు కడుపు నింపింది. భార్య పోయిన ఏడాది అది. ఇంకెవరూ ఆయన్ని మంచిమాట అనని ఏడాది.

ఆ ఏడాదే కుడిచేతి బొటనవేలి చివర తిమ్మిరి మొదలైంది. తెలిస్తే ఇంటికి పంపేస్తారని ఎవరికీ చెప్పలేదు.

ఆయన కుర్చీలో కూర్చున్నాడు. రెండు ముక్కలూ తీసి, వెనక అంచుల గీత కేసి చూడకుండా, ఎడమచేతి బొటనవేలితో కింది ముక్కని మెల్లగా జరిపాడు. దవడ పళ్ళమీద చిన్న చిన్న నున్నటి మచ్చలుంటాయి. ఏళ్ళ తరబడి నమిలి పన్ను పన్నుని అరగదీసిన చోట్లు. ఆ మచ్చకి ఎదురు మచ్చ వెతుక్కుంటూ పోయాడు.

కింది ముక్క ముందుకి జరిగింది. ఇంకొంచెం. టక్కుమని కూర్చుంది. ఇటూ అటూ కదిపితే కదల్లేదు.

వెనక అంచులు మాత్రం కలవలేదు. పైదానికంటే కిందిది బాగా ముందుకొచ్చి నిలబడింది.

"స్కేలివ్వు," అన్నాడు.

ఆమె ఇవ్వలేదు. తనే వంగి కొలిచింది. రెండుసార్లు కొలిచింది.

"నాలుగు," అంది.

సాన దగ్గర కొళాయి చుక్క చుక్కగా కారుతోంది.

"అయిదు మిల్లీమీటర్లు," అన్నాడు చివరికి. "అయిదు మిల్లీమీటర్లు నేను పెట్టాను దాని నోట్లో."

ఇంటిలో కోడలిమీద, దారిలో గోడమీది బొమ్మమీద, ఇక్కడ ఈ చదువుకునే పిల్లమీద పొద్దుట్నించీ విసిరిన రాళ్ళన్నీ ఒక్కటొక్కటే తిరిగొచ్చి ఆయన ఒళ్ళో పడ్డాయి.

చిన్న డాక్టరమ్మ అరల వైపు చూస్తోంది.

"మాస్టారూ, మైనం లేకుండా ఇంకెన్ని కూర్చోబెట్టారు?"

ఇద్దరూ లేచి చేతికందిన పది పెట్టెలు దించారు. ఆరింటిలో మైనపు రేకు ఉంది. నాలుగింటిలో లేదు. ఆమె పెట్టెల నంబర్లు పట్టుకుని పుస్తకంలో వెతికింది. మైనం ఉన్న ఆరుగురూ మూడూ నాలుగూ, ఒక్కరు ఆరు. మైనం లేని నలుగురూ ఏడు దాటినవాళ్ళే. తిమ్మిరెక్కిన వేలు ప్రతిసారీ కింది ముక్కని వెనక్కే నొక్కింది.

"నా లెక్క పోయింది," అంది ఆమె. పుస్తకం మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది. "లెక్క పోతే పోయింది. ఈ నలుగురిలో ఇద్దరికి పళ్ళు తీసేశాం."

పెద్దాయన గోడ గడియారం చూశాడు. పదకొండుకి అయిదు నిమిషాలుంది.

*

తలుపు తోసుకుని వెళ్ళేటప్పటికి పిల్ల కుర్చీలో ఉంది. రుమాలు ఇంకా మూతికే ఉంది. కోడలు పక్కన నిలబడి ఉంది, కాగితం డాక్టరు బల్లమీద ఉంది. నర్సు మందు ఎక్కించిన సూదిని పళ్ళెంలో సర్దుతోంది.

"రండి మాస్టారూ," అన్నాడు పెద్ద డాక్టరు. "మనవరాలికి ధైర్యం చెప్పండి. చీమ కుట్టినట్టుంటుంది అంతే."

"తొమ్మిది కాదు," అన్నాడు పెద్దాయన. అచ్చు డాక్టరు ముందు పెట్టాడు. "నాలుగు. కాటు తప్పుగా కూర్చోబెట్టాను. తప్పు నాది."

గదిలో మొదట కదిలింది కోడలు. చిన్నగా నవ్వింది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని.

"పొద్దున కాగితం. ఇప్పుడు అచ్చు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళని విన్నాను గానీ మామయ్యా, కుందేలు కాళ్ళు విరగ్గొట్టి మరీ చూపించేవాళ్ళని ఇప్పుడే చూడటం."

"విరగ్గొట్టలేదమ్మా. అరగదీయలేదు కూడా. ముట్టుకుంటే తెలుస్తుంది."

"మనవరాలి మీద మమకారం," అన్నాడు డాక్టరు నవ్వుతూ. "నాకర్థమవుతుంది. కానీ మాస్టారూ, మీరే అనేవారు కదా, నోరు అబద్ధమాడుతుంది, అచ్చు ఆడదని."

"అన్నాను. అచ్చు ఆడదు. అచ్చు పోసేవాడు ఆడతాడు. నోట్లో కొలవండి."

"వద్దు," అంది పిల్ల. రుమాలు వెనకనించి మాట మందంగా వచ్చింది. రెండు చేతులూ మూతిమీద పెట్టుకుంది. "మళ్ళీ కొలవొద్దు. ఎవ్వరూ కొలవొద్దు. తీసేయండి చాలు."

"విన్నారుగా," అంది కోడలు.

పెద్దాయన కోడలి దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. కుడిచెయ్యి చాపాడు. బొటనవేలి కొస, చూపుడువేలి కొస ఎర్రగా కమిలి ఉన్నాయి. ఒకచోట చిన్న బొబ్బ లేచింది.

"పొద్దుటి గ్లాసు. నాకు కాలిన సంగతి తెలియలేదు. నీ మొగుడడిగాడు, నువ్వు విన్నావు. రెండేళ్ళయింది ఈ వేలు చచ్చిపోయి అమ్మాయ్. చచ్చిన వేలితో పిల్లల పళ్ళు కూర్చోబెడుతున్నాను. ఉద్యోగం పోతుందని ఎవరికీ చెప్పలేదు."

కోడలు ఆ వేలిని చాలాసేపు చూసింది.

చిన్న డాక్టరమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. కోడలు ఆమె దగ్గరికి వెళ్ళి, ఏమీ అడక్కుండానే చెయ్యి చాపింది. ఆమె ఇనుప స్కేలు ఇచ్చింది.

"అమ్మా, కొలవొద్దన్నాను."

"డాక్టరు కొలవడు. తాతయ్యా కొలవడు. నేను చూస్తాను. నీకూ నాకూ తప్ప ఇంకెవరికీ చెప్పను."

పిల్ల తల్లి కళ్ళల్లోకి చూసింది. తర్వాత తనే రుమాలు విప్పింది. వారం రోజులుగా బిగించి కట్టిన గుర్తు చెంపలమీద గీతలా ఉంది.

"మామూలుగా కొరుకు. అన్నం నమిలేటప్పుడు కొరికినట్టు. ఆ, అంతే."

కోడలు వంగింది. స్కేలు ఆనించి చూసింది. మళ్ళీ చూసింది. ఆమె అంకె పైకి చెప్పలేదు. పిల్ల జుట్టు వెనక్కి తోసి, చెవి దగ్గర నోరు పెట్టి చెప్పింది.

"అంతేనా?" అంది పిల్ల.

"అంతే."

కోడలు లేచి నిలబడింది. బల్లమీద కాగితం తీసి నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంది. అప్పుడు మామగారి వైపు తిరిగింది.

"ఆ రోజు మీరూ నా చెవిలో చెప్పుంటే పోయేది మామయ్యా."

పెద్దాయన తల దించుకున్నాడు. పదహారేళ్ళు ఆలస్యంగా ఒక మాట గొంతుదాకా వచ్చింది. దాన్ని బయటికి తెచ్చేలోగా డాక్టరు లేచి, నర్సుని బయటికి పంపి, చిన్న డాక్టరమ్మని లోపలికి పిలిచి తలుపు మూశాడు.

"మంచిదే అయింది," అన్నాడు. మొహంలో నవ్వు అలాగే ఉంది, గొంతు మాత్రం మారింది. "పాపకి పళ్ళు తీయం. క్లిప్పులు చాలు. ఆ అచ్చు పగలగొట్టేయండి మాస్టారూ, కొత్తది తీసుకుందాం. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. ఈ గదిలో మాట ఈ గదిలోనే ఉండనిద్దాం."

"అరల్లో ఇంకా ఉన్నాయి సార్," అంది చిన్న డాక్టరమ్మ. "మైనం లేనివి."

"అవన్నీ నేను చూసుకుంటాను. తీరిగ్గా."

"ఇద్దరికి తీసేశాం."

"వాళ్ళిద్దరూ చక్కగా నవ్వుతున్నారు. కంప్లయింటు చేశారా? లేదు. నువ్వు చదువుకునే పిల్లవి." ఆయన పెద్దాయన భుజంమీద చెయ్యి వేశాడు. రెండేళ్ళ కింద వేసిన చోటే. "మీ మనవరాలి పళ్ళు మీకు మిగిలాయి. మీ కుర్చీ మీకు ఉంటుంది. వేలికి మందు రాయిస్తాను. ఇంకేం కావాలి మాస్టారూ?"

ఆ చెయ్యి బరువు పెద్దాయనకి తెలిసింది. భుజం ఇంకా చచ్చిపోలేదు.

నర్సు తలుపు సగం తీసి తల లోపల పెట్టింది. "సార్, పదకొండున్నర వాళ్ళు వచ్చేశారు. పంపించనా?"

"పంపించు. మాస్టారూ, మీరు పక్కకి రండి."

పదేళ్ళ పిల్లొకతె వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని లోపలికొచ్చింది. మనవరాలు కుర్చీ దిగింది. కొత్తపిల్ల ఎక్కి కూర్చుంది, కాళ్ళు అందక వేలాడేసింది. దాని పెట్టె నర్సు చేతిలో ఉంది.

"మాస్టారేనా మీరు?" అంది ఆ పిల్ల తల్లి. "మా పాపకి మైనం పెడితే ఊపిరాడట్లేదని ఏడిస్తే, మీరే వద్దని వదిలేశారు. మీ మేలు మర్చిపోం."

నర్సు పెట్టెని డాక్టరు బల్లమీద పెట్టబోయింది. పెద్దాయన మధ్యలో అందుకున్నాడు. ఎడమచేత్తో మూత ఎత్తాడు. పై ముక్క, కింది ముక్క. వెనక అంచులు రెండూ ఒకే గీతకి, నున్నగా, అందంగా ఉన్నాయి. ఆయన పనితనమే.

"ఇటివ్వండి మాస్టారూ," అన్నాడు డాక్టరు.

కోడలు సంచి భుజాన వేసుకుని గుమ్మం దాకా వెళ్ళింది. అక్కడ ఆగి వెనక్కి తిరిగింది. ఆ పక్కన మనవరాలు, రుమాలు చేతిలో నలుపుతూ, వారం తర్వాత మొదటిసారి తాత కళ్ళల్లోకి సూటిగా చూస్తోంది.

డాక్టరు చెయ్యి చాచే ఉంది. పెద్దాయన పెట్టె వదల్లేదు.